పరిధి దాటిన ప్రశ్నలు

జ్యేష్ఠం 2

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇష్టపడి మాత్రం కాదు.

వృత్తి సభ వారికి, ముఖ్యంగా ఈ పుస్తకం ఆఖరికి ఎవరి బల్ల మీదికి చేరుతుందో ఆ భూషణం గారికి: నా పేరు తాయారు. వయసు నలభై ఏడు. లోగిరిలో ఏడు వీధులకూ చప్పుళ్ళు చేసేది నేనే. మీ కాగితాల్లో నన్ను శబ్దకారిణి అంటారు. వీధుల్లో చప్పుళ్ళమ్మ అంటారు. ఆ రెండో పేరే నాకిష్టం.

నా ప్రశ్నల చీటీ ఈ నెలాఖరుతో ముగుస్తుందనీ, మళ్ళీ కావాలంటే నెలంతా దినచర్య రాయాలనీ నిన్న మీ ఉత్తరం వచ్చింది. ఏం అడిగాను, ఎందుకు అడిగాను, దానివల్ల నా పనికి ఏం ఒరిగింది, అన్నీ రాయాలట. పోయిన ఏడాది నేను అడిగి జవాబు పొందినవాటిలో సగానికి పైగా ‘పరిధి దాటినవి’ అని తేల్చారట. అలాంటివాటికి ఇకమీద జవాబుగది యంత్రం జవాబివ్వదట.

సరే, రాయండి అన్నారుగా, ఈ రోజు సంగతి ఇది. దీపాలు పసుపు రంగుకి తిరగ్గానే మొదటి వీధిలో కోడికూత వేశాను. రెండో వీధిలో వాకిలి ఊడుస్తున్న చీపురు, పాలబిందెల మోత. నాలుగో వీధిలో కాకులు. నిన్నటి కాకులే మళ్ళీ వేస్తే ఆ వీధి ముసలివాళ్ళు పట్టేస్తారు, అందుకని ఒక కాకిని తీసి ఇంకో కాకిని పెట్టాను. మా అమ్మమ్మ తరం వాళ్ళు ఎండకు తాళలేక కొండ లోపలికి వచ్చినప్పుడు తిండీ నీళ్ళూ గాలీ చూసుకున్నారు గానీ చప్పుడు సంగతి మరిచిపోయారు. ఆ రాతి నిశ్శబ్దంలో ఆరు నెలలు గడిచేసరికి జనం గోడలకు తలలు బాదుకున్నారట. నా వృత్తి అక్కడ పుట్టింది.

కాకులయ్యాక జవాబుగదికి వెళ్ళి ఒక ప్రశ్న అడిగాను. “గేదె పడుకుని నెమరు వేస్తున్నప్పుడు మెడలో గంట మోగేదా?”

‘ఇది పశుపోషణకు సంబంధించినది. మీ పరిధిలోనిది కాదు’ అని వచ్చింది.

నేను అడిగింది గంట గురించి! ఆరో వీధికి మధ్యాహ్నం కావాలి నాకు. గేదెలు చెట్టు కింద పడుకున్న మధ్యాహ్నం. గంట మోగేదో లేదో తెలియకుండా ఏం చెయ్యను? పైగా జవాబు ఇవ్వని ఆ ప్రశ్నను కూడా నా చీటీ లెక్కలోంచి కొట్టేశారు.

ఒక్కో జవాబుకీ అడుగున యంత్రాలు వేడెక్కుతాయనీ, ఆ వేడి కొండలోనే చిక్కుకుంటుందనీ, దాన్ని చల్లార్చడానికి కుండెడు నీళ్ళు పడతాయనీ నాకూ తెలుసు. అందుకే నెలకి పదకొండు అన్నారు. పదకొండంటే సరే అన్నాను. ఆ పదకొండూ ఏవై ఉండాలో కూడా మీరే చెబుతామంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

జ్యేష్ఠం 5

ఈ రోజు ఏమీ అడగలేదు. పోట్లాడాను.

పొద్దున మూడో వీధికి కొత్త వాన పంపించారు. ‘వర్షం, మధ్యస్థం, రోజుకు నలభై నిమిషాలు’ అని దాని మీద రాసి ఉంది. యంత్రం పాత రికార్డులు ఆరువందల వానలు తీసుకుని, అన్నీ కలిపి నూరి, ఒక వాన తీసిందట. విన్నాను. ఏ తప్పూ లేదు. ఎక్కడ పడుతోందో తెలియదు. తాటాకు మీదనా, రేకు మీదనా, ఎవరైనా ఆరేసి మరిచిపోయిన చీర మీదనా? తొలకరా, ముసురా? మధ్యస్థమట!

నా వాన ఎలా వచ్చిందో ఈ పుస్తకంలో రాస్తాను, మీకు పనికొస్తుంది. ఉమ్మడి వంటశాలలో ఒక వంటావిడ కళ్ళు మూసుకుని బియ్యం చెరగడం చూసి, ఎందుకలా అని అడిగాను. రాళ్ళు చెవికి ముందు తెలుస్తాయి, కంటికి తర్వాత తెలుస్తాయి అంది. నాలుగు రోజులు ఆమె పక్కన కూర్చున్నాను. చేటలోంచి ఆవాలు తాటాకు మీద జారినప్పుడు నా మొదటి చినుకులు దొరికాయి. ఆ నాలుగు రోజులూ నేను పనికి ఎగనామం పెట్టినట్టు మీ దస్త్రంలో ఉంది.

భూషణం గారి గదికి వెళ్ళాను. మీరే కదా, మీకు గుర్తుండే ఉంటుంది. కానీ నాకెలా గుర్తుందో కూడా చదవండి.

“కూర్చో తాయారూ. మజ్జిగ తాగుతావా?” అన్నారు.

“వాన గురించి వచ్చానండీ.”

“తెలుసు. ఆ వాన మీద ఎవరైనా ఫిర్యాదు చేశారా?”

“లేదు.”

“నీ వాన మీద పోయిన ఏడు పద్నాలుగు వచ్చాయి.”

“వానన్నాక తిట్టుకునేవాళ్ళు ఉండాలి కదండీ. ఎవరూ తిట్టుకోకపోతే అది వానెలా అవుతుంది?”

ఆయన నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు పదహారేళ్ళప్పటి రోజు గుర్తొచ్చింది. పని నేర్పమని వెళితే ఈయనే నా కళ్ళకు గంతలు కట్టి, పక్కన కుండలో నీళ్ళు పోస్తూ, ఎప్పుడు నిండుతుందో చెప్పమన్నారు. సరిగ్గా చెప్పాను. ఎలా తెలిసిందన్నారు. చప్పుడు సన్నబడుతూ వచ్చిందన్నాను. ఎందుకు సన్నబడింది అన్నారు. తెలియదన్నాను. “అది తెలుసుకునేదాకా నా గడప తొక్కకు” అని పంపేశారు. తొమ్మిది రోజులు చెంబులూ, సీసాలూ, గొట్టాలూ పట్టుకుని ఊరంతా తిరిగాను. నా వృత్తికి అదే ఓనమాలు.

“ఆ రోజుల్లో మీరే ఎందుకు అని అడగమన్నారు” అన్నాను.

“ఆ రోజుల్లో మనం తొమ్మిదివేల మందిమి. ఇప్పుడు ముప్ఫైవేలు. ప్రతివాళ్ళూ తోచిందల్లా అడిగితే కొండ కుంపటైపోతుందమ్మా.”

“నేను ప్రతివాళ్ళలో ఒకతెనా?”

“అందరూ అదే మాట అంటారు.”

మజ్జిగ తాగకుండా వచ్చేశాను. దారి పొడుగునా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ, దొరక్క ఇంకా కోపం తెచ్చుకుంటూ ఇంటికి చేరాను.

జ్యేష్ఠం 9

చీటీ కొత్తది కావాలంటే నా పనుల్లో ఉత్తమమైనది ఒకటి జత చెయ్యాలి. ఎవరినడిగినా ‘గాలిపాట’ అంటారు. దానికి కొత్త రికార్డు ఏమైనా చెయ్యవచ్చేమో చూద్దామని గాలిబావికి వెళ్ళాను. కొండ నెత్తి నుంచి వీధులదాకా గాలి దింపే నిలువు సొరంగం అది. అడుగున పెద్ద పంకా తిరుగుతూ ఉంటుంది.

అక్కడ అప్పలనరసమ్మ పని చేస్తుంది. అరవై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా పంకా రెక్కలు తుడుస్తుంది, పై వలకు పట్టిన దుమ్ము దులుపుతుంది. ఊరందరికీ ఆమె అప్ప. మా వైపు అప్ప అంటే అక్క.

ఏటా జ్యేష్ఠం చివర మూడు రోజులు ఆ బావి పాడుతుంది. ఎక్కడో దూరంగా నలుగురైదుగురు పిల్లనగ్రోవులు ఊదుతున్నట్టు, ఒకదాని వెంట ఒకటి వస్తాయి స్వరాలు. తర్వాత ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళ కిందట నేను తలుపుల కిర్రులు చేసుకునే చిన్న ఉద్యోగినిగా ఉన్నప్పుడు ఈ అప్పే నన్ను వెతుక్కుంటూ వచ్చి, “సప్పుళ్ళ పిల్లవి నువ్వే కదేటి, వొచ్చి ఇను” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దాన్ని రికార్డు చేసి, కోసి, కూర్చి ఉగాది నాడు ఏడు వీధుల్లోనూ వేశాను. జనం తలుపులు తీసుకుని బయటికొచ్చి నిలబడ్డారు. సభ నాకు ప్రథమ స్థానం ఇచ్చింది. ఆ తర్వాత నేనేం చేసినా ఆ పాట చేసిన చెయ్యి అనే విన్నారు.

“ఈ ఏడూ పాడుతుందా అప్పా?” అని అడిగాను.

“పాడకేటి సేస్తాది. ఇంకా పద్దెనిమిది రోజులుంది.” రెక్క తుడుస్తూనే అంది. “ఒక మాటడుగుతాను తాయారమ్మా, కోపం సేసుకోకు.”

“అడుగు.”

“అదెందుకు పాడతాదో తెలిసినాదా నీకు?”

“తెలియదు.”

“జవాబుగదిలో అడిగినావేటి?”

“లేదు.”

ఆమె గుడ్డ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. “ఇరవయ్యేళ్ళు! అడిగీసుంటావు, నాకు సెప్పడం మర్సిపోనావనుకున్నాను. పెద్దమడిసైపోనాది, తీరిక నేదు పోనీ అనుకున్నాను.”

“నువ్వే అడగలేకపోయావా? జవాబుగది ఈ పక్కనేగా.”

“నాకు సీటీ ఏదమ్మా? గాలోళ్ళకి, వొంటోళ్ళకి, ఊడ్సీవోళ్ళకి సీటీల్లేవు కదేటి. మా పనికి పెశ్నలక్కర్లేదంట.”

నాకు తెలియదు. ఎవరికి చీటీ ఉందో ఎవరికి లేదో నలభై ఏడేళ్ళలో ఒక్కసారి అడగలేదు నేను. నాకు పదకొండు చాలవని ఇన్నేళ్ళు గోల పెట్టాను. వంటావిడ పక్కన నాలుగు రోజులు కూర్చున్నాను. నీకేమైనా తెలుసుకోవాలని ఉందా అని ఆవిడనొక్క మాట అడగలేదు.

ఇంకో సంగతి. బావి ఎందుకు పాడుతుందో నేనెందుకు అడగలేదు? ఊళ్ళో ఇంత పేరుంది నాకు, ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అంటుందని. నిజం రాస్తున్నాను: పాట దొరికింది, పేరొచ్చింది, ఇక అవసరం లేకపోయింది. మీ యంత్రం నా ప్రశ్నలకు గీసిన గీత లాంటిదే నేనూ ఒకటి గీసుకున్నాను. పనికొచ్చింది కదా, చాలు అని.

ఈ రోజు కోపం ఎవరి మీదో రాయాలంటే కలం ఆగుతోంది.

జ్యేష్ఠం 10

అడిగాను. “గాలిబావి జ్యేష్ఠం చివర మూడు రోజులే ఎందుకు పాడుతుంది?”

‘ఇది యంత్రశాఖకు సంబంధించినది. మీ పరిధిలోనిది కాదు.’

యంత్రశాఖకు వెళ్ళాను. అక్కడి ఇంజనీరు దస్త్రం తిరగేసి, గాలిబావిలో చప్పుడు వస్తున్నట్టు ఎవరూ ఎప్పుడూ నివేదించలేదన్నాడు.

“నివేదించాల్సింది ఎవరు?”

“అక్కడ పనిచేసేవాళ్ళు.”

“వాళ్ళు మిమ్మల్ని ఏమైనా అడగవచ్చా?”

“అడగడానికి వాళ్ళకు చీటీ ఉండదు కదండీ. పాడైపోతే చెప్పాలి, అంతే.”

“అది పాడైపోలేదు. పాడుతోంది” అన్నాను. అతనికి అర్థం కాలేదు. బల్ల మీది సిరాబుడ్డి తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు.

తిన్నగా బావికి వెళ్ళి అప్పతో చెప్పాను, పైకెక్కి చూద్దామని.

“నిచ్చెనకి నాలుగొందల మెట్లు,” అంది అప్ప. “మూడొందలదాకా వారం వారం ఎక్కుతాను, వల దులపడానికి. ఆ పైనేటుందో నానూ సూడనేదు.”

“నలభై ఏళ్ళలో ఒక్కసారీ?”

“పనైపోనాక దిగిపోవాల. పైకెందుకెల్లినావంటే ఏటి సెప్పను?”

పాడే రోజు వచ్చాక, తెల్లవారుజామున ఎక్కుదామని అనుకున్నాం. కొండ బయటికి వెళ్ళకూడదని రూలేమీ లేదు. పొద్దెక్కాక వెళితే చర్మం బొబ్బలెక్కుతుంది కాబట్టి ఎవరూ వెళ్ళరు.

జ్యేష్ఠం 28

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

బావి నిన్న సాయంత్రం పాట అందుకుంది. ఇవాళ తెల్లవారకముందే అప్ప ముందూ నేను వెనకా ఎక్కాం. మూడువందల మెట్ల దగ్గర వల. అక్కడ కూర్చుని ఊపిరి తీసుకున్నాం. పాట అక్కడ చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించింది. ఆ పైన నిచ్చెనకు తుప్పు. అప్ప ప్రతి మెట్టునీ చేత్తో తట్టి చూసి, అప్పుడు కాలు పెట్టింది.

పైన ఇనప మూత. ఇద్దరం భుజాలు పెట్టి తోశాం.

ఆకాశం. చిన్నప్పుడొకసారి చూశాను, మళ్ళీ ఇప్పుడే. అప్ప ఒక్కసారి పైకి చూసి, “ఓలమ్మ, ఎంతుందో” అని వెంటనే తల దించేసుకుంది. పాట ఎటునుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టింది. నేనింకా మేఘాల్నే చూస్తున్నాను, ఆమె అప్పుడే కనిపెట్టేసింది.

బావి నోటికి పది అడుగుల్లో, రాళ్ళ నెరియలో, వెదురుపొద. ఊరు వాడేసిన గాలి బయటికి పోయే గొట్టం ఆ పక్కనే ఉంది. మనం వదిలిన ఊపిరి చెమ్మకే పెరిగిందేమో ఆ వెదురు. బొంగుల నిండా కన్నాలు, గుండ్రంగా, ఉలితో తొలిచినట్టు. గాలి మారి నైరుతి నుంచి వీస్తోంది. కన్నాల మీదుగా దూసుకుని తిన్నగా బావి నోట్లోకి దిగుతోంది. వేసవంతా గాలి అటునుంచి కాదు, పడమటినుంచి.

అప్ప వెళ్ళి ఒక కన్నం మీద వేలు పెట్టింది. పాటలోంచి ఒక స్వరం ఊడిపోయింది. వేలు తీసింది, తిరిగి వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. తర్వాత రెండు చేతులతో రెండు కన్నాలు మూసి నావైపు తిరిగి నవ్వింది. ఇరవై ఏళ్ళుగా ఆమె నాకు తెలుసు. అలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు.

“సూసినావేటి! నాను పాడించీస్తన్నాను!”

అప్పుడే ఒక నల్లటి తుమ్మెద వచ్చింది. బొటనవేలంత ఉంది. రెక్కల మీద నీలం మెరుపు. ఒక కన్నంలోకి దూరింది. దాని రొద బరువుగా, బొంగురుగా, లోపల ఏదో మరుగుతున్నట్టు ఉంది. ఆరో వీధి పూలతోటలో పదిహేనేళ్ళుగా నేను వేస్తున్న తుమ్మెద దోమలా సన్నగా కుయ్యిమంటుంది. ఎవరో ఎప్పుడో తప్పుగా పెట్టిన రికార్డు. ఆరో వీధి పిల్లలంతా తుమ్మెదంటే అదే అనుకుని పెద్దవాళ్ళయ్యారు. నేనూ అదే అనుకున్నాను. అక్కడే రాతి మీద కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను.

అందుకే పొద్దెక్కడం గమనించలేదు. లేచి మూత పట్టుకునేసరికి అది పెనంలా కాలి ఉంది. కుడి అరచెయ్యి అంటుకుపోయింది. దిగుతుంటే పై మెట్ల మీద అప్ప కాలు జారింది. మోచెయ్యి మెట్టుకి తగిలించుకుని వేలాడింది. కింద నుంచి ఆమె పాదాన్ని నా భుజం మీద ఆనించుకుని ఒక్కో మెట్టూ దించాను. కాలిన చెయ్యి మెట్టును పట్టుకున్న ప్రతిసారీ ప్రాణం పోయినంత పనైంది. వల దగ్గర ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. అరగంట సేపు చెమటకు తడిసిన నా కొంగు ఆమె మొహం మీద వేసి కూర్చున్నాను. ఏదైనా అయితే నేనేం చెయ్యాలి, ఎవరిని పిలవాలి?

కళ్ళు తెరిచి అప్ప అన్న మొదటి మాట ఇది: “మోకాల్లు బాగున్నప్పుడు ఎక్కాల్సింది. ఎవులైనా ఒక్క మాట, ఎక్కి సూడే అంటే ఎక్కీసుందును.”

వృత్తి సభ వారూ, ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోండి.

ఆషాఢం 3

నా చీటీ మీద సభ విచారణ ఇవాళ జరిగింది. ఈ పుస్తకాన్ని చదివి తిరిగి ఇచ్చేశారు కాబట్టి ఇకమీద రాసేది నాకోసమే.

భూషణం గారు మధ్యలో. పక్కన విద్యుత్ శాఖ ఇందుమతి గారు. ఆవిడ నా పరిధి దాటిన ప్రశ్నల జాబితా చేతిలో పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. నేరాలు చదువుతున్నట్టు చదివింది.

“పుట్టు చెవిటివాళ్ళకు ఉరుము ఎలా తెలుస్తుంది?”

“పాదాల్లో తెలుస్తుందట. అందుకే ఐదో వీధి ఉరుమును నేల కిందినుంచి వేశాను. ఆ వీధిలో చెవులు వినపడని ఒకాయన రాయి మీద చెయ్యి ఆనించి కూర్చుంటాడు, ఉరిమే రోజున. వెళ్ళి చూడండి.”

“పాముకు తన బుస తనకు వినిపిస్తుందా?”

“దానితో ఇంకా ఏమీ చెయ్యలేదు.”

“చీమ నీళ్ళలో ఎంతసేపు ఈదుతుంది?”

“దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.”

“బొగ్గుల ఇస్త్రీ చేసిన బట్టలు ఏ వాసన వేసేవి?”

“అదీ అంతే.”

ఇందుమతి గారు కాగితం కింద పెట్టింది. “మరి ఎందుకడిగినట్టు?”

“తెలుసుకోవాలనిపించింది.”

“ఒక్కో దానికి కుండెడు నీళ్ళమ్మా! మీ సరదాకి.”

“అవునండీ. ఏ ప్రశ్న వానవుతుందో, ఏది ఏమీ కాదో అడగకముందు నాకు తెలియదు. మీకూ తెలియదు. మీ యంత్రానికీ తెలియదు. పనికొచ్చేవే అడగమంటే, ఇప్పటికే నాకు తెలిసినవాటి పక్కనే తచ్చాడుతూ ఉంటాను. అప్పుడు మీకు మధ్యస్థం వానలే వస్తాయి.” గొంతు పెరుగుతోందని తెలుస్తూనే ఉంది. తగ్గించలేదు. “ఆ జాబితాలో లేని నేరం ఒకటి నేను చెబుతాను రాసుకోండి. నాకు పేరు తెచ్చిన పాట ఎక్కడినుంచి వస్తోందో ఇరవై ఏళ్ళు అడగలేదు. అడగాలనుకున్న మనిషికి చీటీ లేదు. ఆ పాట మొదట విన్నదీ ఆమే. ఎందుకు అని అనుకున్నదీ ఆమే. ఎక్కి చూసిందీ ఆమే. ప్రథమ స్థానం నాకిచ్చారు.”

భూషణం గారు నా చేతికట్టు వైపు చూస్తున్నారు. “ఏం కావాలి తాయారూ నీకు?”

“నా పదకొండూ గాలిబావికి ఇచ్చెయ్యండి. అక్కడ తొమ్మిదిమంది ఉన్నారు. కొండకి అదనంగా రవ్వంత వేడి పుట్టదు.”

“వాళ్ళ వృత్తికి ప్రశ్నలు అవసరం లేదు” అంది ఇందుమతి గారు.

“ఆ మాట వాళ్ళనడిగారా?”

ఆవిడ జాబితాను బోర్లించింది.

“చీటీ లేకపోతే పదవి ఉండదు,” అన్నారు భూషణం గారు. “మరి నువ్వేం చేస్తావు?”

“నాకు కాళ్ళున్నాయి. చెవులున్నాయి. వెళ్ళి చూస్తాను.”

“కోపంలో ఇలాంటి నిర్ణయాలు తీసుకోకూడదమ్మా.”

“కోపంలోనే తీసుకోవాలండీ. చల్లారితే ఇంత ధైర్యం ఉండదు.”

ఆయన కాగితం తీసుకుని సంతకం పెట్టారు. గాలిపాట పక్కన ‘విన్నది అప్పలనరసమ్మ, కూర్చింది తాయారు’ అని రాయమంటే అదీ రాశారు. నన్ను వదిలించుకోవడానికి చేశారో, సిగ్గుపడి చేశారో నాకు తెలియదు. ఆ ప్రశ్న మాత్రం అడగాలనిపించలేదు.

ఆషాఢం 19

ఏడు వీధుల్లోనూ యంత్రం చేసిన చప్పుళ్ళే ఇప్పుడు. ఊరు గగ్గోలు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నాలుగో వీధి ముసలాయన ఒకడు మాత్రం కనిపించి, కాకులకు ఏమైందమ్మా అన్నాడు, అన్నీ ఒకే వేళకు అరిచి ఒకే వేళకు ఆగిపోతున్నాయట. నా దగ్గర మొరపెట్టుకుని ఏం లాభం, సభకు చెప్పు అన్నాను. విసురుగానే అన్నాను. పాపం, తర్వాత బాధేసింది.

నేను గాలిబావిలో చేరాను. వల దులుపుతాను. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా ముడవడం లేదు. పదవి పోయింది గానీ పని పోలేదు. భోజనాల వేళ పంకా వెనక గదిలో అసలు తుమ్మెద రొదను చెయ్యాలని చూస్తున్నాను. తోలు పరుస్తున్నాను, వెదురు గీస్తున్నాను, ఇత్తడి చెంబులో ఇసుక తిప్పుతున్నాను. అక్కడివాళ్ళు తొమ్మిదిమందీ చుట్టూ చేరి ఇలా కాదు అలా అంటారు. ఒక్కరూ పొగడరు. ఇంత మంచి విమర్శ నాకు ఇరవై ఏళ్ళలో దొరకలేదు.

కోపం మాత్రం తగ్గలేదు. వంటవాళ్ళకూ ఊడ్చేవాళ్ళకూ చీటీలు ఎప్పుడిస్తారని వారానికోసారి సభ గుమ్మం ముందు నిలబడుతున్నాను. ఇంకో ఇద్దరు వచ్చి నిలబడుతున్నారు.

ఇవాళ గాలిబావి వాళ్ళు మొదటిసారి జవాబుగదికి వెళ్ళే రోజు. అప్ప ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తలుపు ముందు ఒక నిమిషం ఆగి, కొంగు సర్దుకుని, లోపలికి వెళ్ళింది. మేమంతా బయట వరసలో నిలబడ్డాం. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి మొహం కందగడ్డలా ఉంది.

“ఏమైంది అప్పా? పరిధి దాటిందన్నదా?”

“నేదు. సెప్పినాది. ఆ కన్నాలు తుమ్మెదే తొలిసినాదంట, గుడ్లెట్టుకోడానికి.”

“మరి ఎందుకా కోపం?”

“ఒక్కటడిగితే నాలుగు పుట్టీనాయే!” చేతులు తిప్పుతూ అరిచింది. “గుడ్లకైతే ఆ ఎదురే ఎందుకు, పక్కనున్న సెట్టెందుకు కాదు? అంత గట్టి ఎదురుని ఏటితో తొలుస్తాది? గాలేసి పాడతన్నప్పుడు లోపలున్న పిల్లలకి నిద్దర పడతాదా? మూడు రోజులకే పాటాగిపోతాదేటి, గాలి అటే ఏస్తన్నా?” ఊపిరి తీసుకుంది. “నలభయ్యేళ్ళు ఒక్కదాన్నే పెట్టుకుని సుకంగా ఉన్నాను. ఇప్పుడీ నాలుగూ ఎక్కడెట్టుకోవాల సెప్పు?”

వరసలో ఆమె వెనకున్న సింహాద్రి, “జరుగప్పా, నా వంతు” అంటూ ఆమెను పక్కకు తప్పించి గదిలోకి దూసుకుపోయాడు.